గాలి కోసం కాచుకున్న ఊరు: హొయ్ ఆన్ రాత్రివేళ ఒక సింహావలోకనం

చీకటి పడింది. ట్రాన్ ఫూ వీధిలో కరెంటు దీపాలు ఉన్నట్టుండి ఆరిపోయాయి. ఎవరూ ఉలిక్కిపడలేదు. గడపల దగ్గర పీటలు వేసుకుని కూర్చున్న ముసలివాళ్ళు అలాగే కూర్చున్నారు. కళ్ళు చీకటికి అలవాటు పడేసరికి చూరుల కింద పట్టు లాంతర్లు కనిపించసాగాయి. ఎర్రవి, పసుపువి, ఆకుపచ్చవి, నీలివి. గుమ్మడికాయల్లా బొద్దుగా కొన్ని, సొరకాయల్లా పొడుగ్గా కొన్ని. నాచు పట్టిన పెంకుల అంచు మీదికి చంద్రుడు ఎక్కాడు. చాంద్రమాన మాసంలో అది పద్నాలుగో రోజు. తెల్లారితే పున్నమి.

వియత్నాం నడిబొడ్డున, డా నాంగ్‌కు దక్షిణంగా 30 కిలోమీటర్ల దూరంలో, థూ బోన్ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉన్న పాత రేవు పట్టణం హొయ్ ఆన్. పాశ్చాత్య వర్తకులు దీన్ని ఫైఫో అనేవారు. 1998 నుంచి ప్రతి నెలా పద్నాలుగో రాత్రి ఇక్కడి పాత వీధుల్లో కరెంటు దీపాలు ఆర్పి, లాంతర్లు వెలిగించడం ఆనవాయితీ అయింది. మిగతా రాత్రులూ లాంతర్లు వెలుగుతాయి కానీ, ఆ ఒక్క రాత్రికి ఉన్న నిండుదనం వేరు. మన పంచాంగంలాగే వాళ్ళదీ చంద్రుణ్ణి పట్టుకుని నడిచే లెక్క. వెళ్ళాలనుకునేవాళ్ళు శుద్ధ చతుర్దశి ఎప్పుడో చూసుకుంటే చాలు, ఒక రోజు అటూ ఇటూగా సరిపోతుంది.

ఈ వీధుల్నే పగలూ చూశాను. పగలు ఇది కొట్లు, దర్జీలు, ఫొటోలు, బేరాలు ఉన్న ఊరు. రాత్రయ్యాకే దీని అసలు కథ మనసుకు పట్టింది. ఇది రాజులు కట్టించిన నగరం కాదు. ఇక్కడ కోట లేదు, సింహాసనం లేదు. గాలి మారేదాకా ఇంటికి పోవడానికి వీల్లేని పరదేశి వర్తకులు, నెలల తరబడి ఇక్కడ రాత్రులు గడుపుతూ కట్టుకున్న ఊరు ఇది. ఈశాన్య రుతుపవనం వాళ్ళ తెరచాపల్ని జపాను నుంచి, చైనా నుంచి ఇటు తోసేది. తిరిగి పోవాలంటే వేసవిలో నైరుతి గాలి పుట్టాలి. ఈ రెండు గాలుల నడుమ ఉన్న ఎడమే హొయ్ ఆన్. ఆ ఎడంలోనే ఇళ్ళు లేచాయి, పెళ్ళిళ్ళు జరిగాయి, గుళ్ళు వెలిశాయి, ఒక కొత్త లిపి కూడా పుట్టింది.

ఎగువన సింహపురం

సింహావలోకనం అంటే సింహం నడుస్తూ నడుస్తూ ఆగి, మెడ తిప్పి వచ్చిన దారి చూసుకోవడం. హొయ్ ఆన్ నుంచి అలా వెనక్కి చూస్తే ముందుగా కనిపించేది నిజంగానే ఒక సింహపురం. నదికి ఎగువన ఉన్న ట్రా కియూ గ్రామమే చంపా రాజ్యానికి ఒకప్పటి రాజధాని సింహపురం. అక్కడి నుంచి ఇంకా లోపలికి, కొండల నడుమ మీ సన్ లోయలో, భద్రవర్మ అనే రాజు నాలుగో శతాబ్దపు చివర్లో భద్రేశ్వరుడి పేర శివాలయం కట్టించాడు. అది మొదలు 13వ శతాబ్దం దాకా చంపా రాజులు అక్కడ ఇటుకలతో ఆలయాలు కడుతూనే ఉన్నారు. డెబ్బైకి పైగా కట్టడాలు ఉండేవి. నది మొగలో ఉన్న రేవును వియత్నామీయులు 'గొప్ప చంపా సముద్రద్వారం' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. ఆ పేరు తాలూకు తునక కువా దాయ్ అనే ఇప్పటి పేరులో మిగిలి ఉంది.

చంపాకు ముందు కూడా ఇక్కడ మనుషులున్నారు. చనిపోయినవాళ్ళను పెద్ద మట్టి కాగుల్లో పెట్టి పాతిపెట్టిన సా హుయిన్ సంస్కృతి వాళ్ళది. ఆ కాగుల్లో చైనా నాణేలూ దొరికాయి, ఎర్రరాతి పూసలూ దొరికాయి. రెండువేల ఏళ్ళ కిందటే ఈ నది ఒడ్డు సముద్రం అవతలి సరుకు ఎరుగును.

నది చుట్టూ ఉన్న ఈ సీమకు చంపా కాలంలో అమరావతి అని పేరు. ఆ పేరు చెవిన పడ్డాక తెలుగువాళ్ళం కాసేపు ఆగకుండా ఉండలేం. 1911లో ఇక్కడికి దక్షిణంగా ఉన్న డాంగ్ డుయాంగ్‌లో, అంటే 875లో రెండవ ఇంద్రవర్మ బౌద్ధ విహారం కట్టించి ఇంద్రపురం అని పిలిచిన చోట, ఒక కంచు బుద్ధుడు బయటపడ్డాడు. ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లు. కుడి భుజం విడిచిపెట్టి, ఒంటి మీద మడతలు మడతలుగా జారిన వస్త్రం. ఇది కృష్ణాతీరపు అమరావతి శైలి అని కొందరు పండితులు, సింహళ శైలి అని మరికొందరు అన్నారు. వాదం ఎటు తేలినా ఆ శైలి సముద్రం దాటి వచ్చిందన్న మాట మాత్రం ఉమ్మడి. ఆ బుద్ధుడు ఇప్పుడు హో చి మిన్ నగరంలోని చరిత్ర మ్యూజియంలో ఉన్నాడు.

చంపా ఓడరేవుకు అరబ్బులూ వచ్చేవారు. రేవుకు ఎదురుగా సముద్రంలో ఉన్న కూ లావ్ చామ్ దీవుల్లో పశ్చిమాసియా గాజు, పింగాణీ ముక్కలు తవ్వకాల్లో దొరికాయి. అడవుల నుంచి అగరు కర్ర, దాల్చిన, దీవుల నుంచి పక్షి గూళ్ళు ఓడలెక్కేవి. 1471లో ఉత్తరాది దాయ్ వియెత్ రాజు లె థాన్ తోంగ్ దండెత్తి చంపా రాజధాని విజయను పట్టుకున్నాడు. అదే ఏట క్వాంగ్ నామ్ అనే పరగణా ఏర్పడింది. గుళ్ళలో దీపాలు ఆరిపోయాయి. రేవు మాత్రం అలాగే ఉంది.

రెండు ఊళ్ళ ఊరు

1558లో న్గుయెన్ హోవాంగ్ అనే సేనాని ఉత్తరాది దర్బారు తగాదాల నుంచి తప్పించుకుని దక్షిణపు సరిహద్దుకు పాలకుడిగా వచ్చాడు. 1570లో క్వాంగ్ నామ్ కూడా అతని చేతికి వచ్చింది. ఉత్తరాన ఉన్న ట్రిన్ ప్రభువులతో ఏనాటికైనా యుద్ధం తప్పదని అతనికి తెలుసు. యుద్ధానికి డబ్బు కావాలి, తుపాకులు కావాలి. కొత్త నేల, పలచటి జనం, తక్కువ పంట. మిగిలింది సముద్రం. 1601లో అతను జపాను అధినేత తొకుగావా ఇయెయాసుకు స్నేహలేఖ పంపాడు.

ఆ కాలానికి చైనా మింగ్ చక్రవర్తులు తమ వర్తకులకు సముద్ర వ్యాపారానికి అనుమతి ఇచ్చారు కానీ, జపానుకు మాత్రం పోవద్దన్నారు. జపానుకు చైనా పట్టు కావాలి, చైనాకు జపాను వెండి కావాలి. ఇద్దరూ ఒకరింటికి ఒకరు పోలేరు. మూడో ఇంట్లో కలుసుకోవాలి. ఆ మూడో ఇల్లు హొయ్ ఆన్ అయింది. 1604 నుంచి 1635 దాకా ఎర్ర ముద్ర వేసిన అనుమతి పత్రాలతో జపాను ఓడలు దక్షిణ సముద్రాలకు వచ్చాయి. వాటికి ఈ రేవు ముఖ్యమైన మజిలీ.

1618 నుంచి 1622 దాకా ఈ ప్రాంతంలో ఉన్న ఇటలీ మతగురువు క్రిస్తొఫొరో బోర్రి, ఫైఫో ఎంత పెద్దదంటే దాన్ని రెండు ఊళ్ళనుకోవచ్చని రాశాడు. ఒకటి చైనీయులది, ఒకటి జపానీయులది. ఎవరి వీధి వాళ్ళది, ఎవరి పెద్ద వాళ్ళకు, ఎవరి చట్టం వాళ్ళది. 1619లో న్గుయెన్ ఫుక్ న్గుయెన్ ప్రభువు తన ఇంటి ఆడపిల్లను అరాకి సోతారో అనే నాగసాకి వర్తకుడికి ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆమె భర్తతో నాగసాకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. నాగసాకి కున్చి ఉత్సవంలో వాళ్ళ ఓడ రాకను ఇప్పటికీ ఊరేగింపుగా ఆడుతారు.

లిపి కథా ఇక్కడిదే. 1617లో వచ్చిన పోర్చుగీసు మతగురువు ఫ్రాన్సిస్కో ద పినా, వియత్నామీ భాషను ధారాళంగా మాట్లాడగలిగిన తొలి ఐరోపావాడు. ఒకే మాట గొంతు హెచ్చితే ఒక అర్థం, తగ్గితే మరో అర్థం ఇచ్చే భాష అది. ఆ ఆరోహణ అవరోహణల్ని రోమను అక్షరాలతో ఎలా పట్టుకోవాలా అని హొయ్ ఆన్‌లోనూ, పక్కనే ఉన్న థాన్ చియెమ్‌లోనూ పినా, అతని తోటివాళ్ళు, ఊరి కుర్రాళ్ళు కలిసి తంటాలు పడ్డారు. పినా 1625లో సముద్రంలో పడవ మునిగి చనిపోయాడు. అతని దగ్గర భాష నేర్చుకున్న అలెగ్జాండర్ ద రోడ్స్ 1651లో రోములో నిఘంటువు అచ్చువేయించాడు. ఈ రాత్రి కొట్ల మీద లాంతరు వెలుగులో కనిపిస్తున్న ప్రతి బోర్డూ ఆ లిపిలోనే ఉంది.

వంతెన మీద

ట్రాన్ ఫూ వీధి పడమటి కొసన నిలబడితే జపాను వంతెన. ఇరవై మీటర్లకు మించని చిన్న వంతెన. పైన పెంకుల కప్పు, నడుమ విల్లులా ఎత్తు, ఒక పక్కకు ఆనుకుని చిన్న గుడి. రాత్రి దాని నీడ కింద కాలువలో పడి, ఎవరైనా కాగితపు దీపం వదిలినప్పుడల్లా చెదిరి మళ్ళీ కుదురుకుంటుంది. జపానీయులు దీన్ని 1593లో కట్టారని ఊరి నమ్మకం. ఒక కొసన రెండు కోతులు, మరో కొసన రెండు కుక్కలు కాపలా కూర్చున్నాయి. కోతి సంవత్సరంలో మొదలుపెట్టి కుక్క సంవత్సరంలో ముగించారు కాబట్టి అలా పెట్టారని చెబుతారు.

దీని వెనక ఉన్న ఐతిహ్యం మనకు దగ్గరిది. భూమి కింద ఒక మహాజంతువు పడుకుని ఉందట. దాని తల భారతదేశంలో, తోక జపానులో, నడుము సరిగ్గా ఇక్కడ. అది ఒళ్ళు విరుచుకున్నప్పుడల్లా భూకంపాలు, వరదలు. అందుకని దాని వెన్నులో కత్తి దించినట్టు ఈ వంతెన దించారట. జంతువు ఉందో లేదో కానీ, ఆ కథ అల్లినవాళ్ళ మనసులో ఉన్న ప్రపంచపటం మాత్రం నిజం. భారతదేశం నుంచి జపాను దాకా ఒకే ఒంటి మీద బతుకుతున్నాం అన్న ఎరుక అది. రేవు పట్టణంలో తప్ప అలాంటి కథ పుట్టదు.

1719లో ఇక్కడికి వచ్చిన న్గుయెన్ ఫుక్ చూ ప్రభువు దీనికి లాయ్ వియెన్ కియెవ్ అని పేరు పెట్టాడు. దూరం నుంచి వచ్చేవాళ్ళ వంతెన అని అర్థం. ఫ్రెంచివాళ్ళు కార్లు పోవడానికి దీని వీపును చదును చేశారు. 1986లో మళ్ళీ విల్లులా వంచారు. ఈమధ్య ఏడాదిన్నర పైగా విప్పి, బాగుచేసి, 2024 ఆగస్టులో తిరిగి తెరిచారు. మరీ కొత్తగా కనిపిస్తోందని జనం గొడవ చేశారు. ఒక చిన్న చెక్క వంతెన రంగు గురించి దేశమంతా మాట్లాడుకుందంటే అది వాళ్ళకు ఎంత సొంతమో తెలుస్తుంది. 20,000 డాంగ్‌ల నోటు వెనక ఉన్నది ఈ వంతెన బొమ్మే.

తిరిగి రానివాళ్ళు

ఇంత చేసి, వంతెనకు ఆ పేరు పెట్టేనాటికి జపానీయులు దాదాపుగా లేరు. 1635లో జపాను పాలకులు తమ ప్రజలు విదేశాలకు పోకూడదని, బయట ఉన్నవాళ్ళు తిరిగి రాకూడదని శాసించారు. హొయ్ ఆన్‌లో ఉన్నవాళ్ళకు ఇక ఏ గాలీ ఇంటికి తీసుకుపోయేది కాదు. కాచుకోవడానికి ఏమీ మిగలలేదు. 1695లో వచ్చిన ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌయియర్ లెక్కలో, నది వెంట ఒక వీధి, రెండు వరసల్లో సుమారు వంద ఇళ్ళు. అన్నీ చైనీయులవే, నాలుగైదు జపాను కుటుంబాలు తప్ప.

ఊరి బయట వరిచేల నడుమ ఒక జపాను వర్తకుడి సమాధి ఉంది. పేరు తాని యాజిరోబెయి, ఏడాది 1647. ఊరు వదిలి వెళ్ళిపోవలసి వచ్చినా, ఇక్కడ మనసిచ్చిన అమ్మాయి కోసం తిరిగి వచ్చాడని ఊళ్ళో చెప్పుకుంటారు. సమాధి ముఖం ఈశాన్యానికి ఉంది. అటే జపాను.

జపానీయుల ఖాళీని నింపింది మరో తిరిగి పోలేని జాతి. 1644లో మింగ్ వంశం కూలింది. మంచూ పాలనకు తల వంచలేని చైనీయులు ఓడలెక్కి దక్షిణానికి వచ్చారు. వాళ్ళ పల్లెకు మిన్ హువాంగ్ అని పేరు. వాళ్ళు ఊరి పిల్లల్ని పెళ్ళాడి, ఊరి భాష నేర్చుకుని, రేవులో దుబాసీలుగా, తూకం వేసేవాళ్ళుగా, సుంకం లెక్కలు చూసేవాళ్ళుగా ఎదిగారు. 1653లో కట్టిన క్వాన్ కాంగ్ గుడి బజారుకు ఎదురుగా ఇప్పటికీ ఉంది. మాట తప్పని వీరుడు క్వాన్ కాంగ్. అప్పు పత్రం కంటే ఆ గుడిలో చేసిన ప్రమాణానికే విలువ ఎక్కువ ఉండే కాలం అది.

ఒక్కో రాష్ట్రం చైనీయులు ఒక్కో సత్రం కట్టుకున్నారు. ఫూజియన్‌వాళ్ళది అన్నిటికంటే పెద్దది. సందెవేళ లోపలికి అడుగుపెడితే పైకప్పు నుంచి మనిషంత అగరు చుట్టలు శంఖంలా వేలాడుతూ నెమ్మదిగా కాలుతుంటాయి. ఒక్కో చుట్ట వారాల తరబడి కాలుతుంది. కింద దాత పేరు రాసిన పసుపు కాగితం. గర్భగుడిలో థియెన్ హౌ, ఓడల్ని కాచే తల్లి. ఆమెకు అటూ ఇటూ ఇద్దరు సహాయకులు. ఒకరు వెయ్యి కోసుల అవతలిది చూడగలరు, ఒకరు గాలిలో వచ్చే మొర వినగలరు. సముద్రంలో ఉన్న కొడుకు గురించి ఒడ్డున ఉన్న అమ్మకు ఏం కావాలో ఆ రెండూ అక్కడ విగ్రహాలై నిలబడ్డాయి. హైనాన్‌వాళ్ళ సత్రం దుఃఖంతో కట్టింది. 1851లో 108 మంది హైనాన్ వర్తకుల్ని సముద్రపు దొంగలుగా లెక్కగట్టి నౌకాదళ అధికారి ఒకడు చంపించాడు. తర్వాత వాళ్ళు నిర్దోషులని తేలింది. ఆ సత్రం వాళ్ళ స్మృతికి అంకితం.

బూడిద, ఒండ్రు

1770ల్లో తాయ్ సన్ సోదరుల తిరుగుబాటు లేచింది. అదే అదనుగా ఉత్తరాది ట్రిన్ సేనలూ దిగాయి. 1775 ప్రాంతంలో హొయ్ ఆన్ ఆ రెంటి నడుమ నలిగి కాలిపోయింది. 1778లో వారెన్ హేస్టింగ్స్ తరఫున కలకత్తా నుంచి వచ్చిన చార్లెస్ చాప్‌మన్ ఇక్కడ దిగాడు. చదునైన రాళ్ళు పరిచిన వీధులు, రెండు పక్కలా ఇటుక ఇళ్ళు, అన్నిటికీ బయటి గోడలే మిగిలాయని రాశాడు. ఆ గోడల మధ్య వెదురు, గడ్డి కలిపి వేసుకున్న పాకల్లో ఒకప్పటి భవంతుల యజమానులు తలదాచుకుంటున్నారట. ఇప్పుడు మనం చూసి మురిసే ఇళ్ళలో చాలా భాగం ఆ బూడిద మీద 19వ శతాబ్దంలో మళ్ళీ లేచినవే.

ఊరు లేచింది కానీ నది వెనక్కి తగ్గింది. థూ బోన్ ఏటేటా ఒండ్రు తెచ్చి పోసింది. ఈ సంగతి పుస్తకంలో చదవక్కర్లేదు, కాళ్ళతో తెలుసుకోవచ్చు. ట్రాన్ ఫూ వీధి అన్నిటికంటే పాతది. ఒకప్పుడు దాని ఇళ్ళ పెరటి గుమ్మాల్లోంచే సరుకు పడవల్లోకి దిగేది. నది జరిగాక మిగిలిన మేట మీద 19వ శతాబ్దంలో న్గుయెన్ థాయ్ హాక్ వీధి వచ్చింది. ఇంకొంత జరిగాక బాక్ డాంగ్ వీధి వచ్చింది. ఇవాళ్టి నదిగట్టు అదే. అడ్డసందుల్లోంచి ట్రాన్ ఫూ నుంచి నదికి నడిస్తే రెండు మూడు నిమిషాలు. ఆ కొద్ది అడుగుల్లో ఒక రేవు చావు మొత్తం దాటుతాం. పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. 1888లో డా నాంగ్ ఫ్రెంచివాళ్ళ చేతికి పోయింది. లోతైన రేవు అక్కడే ఉంది, వర్తకమంతా అక్కడికే తరలింది.

హొయ్ ఆన్‌ను సముద్రం మరిచిపోయింది. ఆ మరుపే దాన్ని కాపాడింది. రైళ్ళ కోసం, గోదాముల కోసం, కాంక్రీటు కోసం దీన్ని కూల్చేవాళ్ళు లేకపోయారు. అమెరికాతో యుద్ధం పొరుగున ఉన్న మీ సన్‌ను వదల్లేదు. 1969 ఆగస్టులో బాంబులు పడి అక్కడి గొప్ప గోపురం నేలకూలింది. హొయ్ ఆన్ పాత వీధులు మాత్రం దాదాపుగా చెక్కుచెదరలేదు. యుద్ధం తర్వాత వచ్చిన పేదరికమూ ఒక కావలే అయింది. పాత చెక్క ఇల్లు తీసి కొత్తది కట్టుకునే స్తోమత ఎవరికీ లేదు.

1980ల మొదట్లో మీ సన్ శిథిలాల్ని నిలబెట్టడానికి పోలండు నుంచి కజిమెర్జ్ క్వియాత్కోవ్‌స్కీ అనే వాస్తుశిల్పి వచ్చాడు. హొయ్ ఆన్ ఇళ్ళను చూశాడు. వీటిని ముట్టుకోవద్దని, ఇది ప్రపంచం మొత్తానికి చెందిన ఆస్తి అని అధికారులకూ ఇళ్ళవాళ్ళకూ అలుపు లేకుండా చెబుతూ వచ్చాడు. 1985లో దేశం ఈ ఊరిని జాతీయ వారసత్వంగా గుర్తించింది. ఆయన 1997లో హ్యూ నగరంలో పనిలో ఉండగానే చనిపోయాడు. 1999 డిసెంబరులో హొయ్ ఆన్, మీ సన్ రెండూ యునెస్కో జాబితాలో చేరాయి. 30 హెక్టార్ల పాత పట్నంలో వెయ్యికి పైగా చెక్క కట్టడాలు. ట్రాన్ ఫూ వీధిలో ఒక చిన్న తోటలో, అందరూ కజిక్ అని పిలిచే ఆయన గడ్డపు విగ్రహం ఉంది. దూరం నుంచి వచ్చి ఊరికి కావలసినవాళ్ళైన మనుషుల వరసలో ఆయన కడపటివాడు. మీ సన్‌లో తర్వాతి పనిలో కొంత మనవాళ్ళకు దక్కింది. 2017 నుంచి మన పురావస్తు శాఖ అక్కడ కొన్ని ఆలయ సముదాయాల్ని బాగుచేసింది. 2020 మేలో తవ్వకంలో ఏకశిలా శివలింగం ఒకటి చెక్కుచెదరకుండా బయటపడింది.

లాంతరు

నది దాటి ఆన్ హోయ్ దీవికి వెళ్తే రాత్రి బజారు. ఆ వీధి పేరు న్గుయెన్ హోవాంగ్, ఊరికి సముద్రద్వారం తెరిచిన ఆ సేనాని పేరే. అటూ ఇటూ లాంతరు కొట్లు. ఒక కొట్టు ముందు చాలాసేపు నిలబడి, పని చేసుకుంటున్న ఆమె చేతులనే చూశాను. వెదురును ముందే ఉప్పునీళ్ళలో పది రోజులు నానబెట్టి ఆరబెడతారట, పురుగు పట్టకుండా. ఆ బద్దల్ని సన్నగా చీల్చి, పైనొక చెక్క బిళ్ళ, కిందొక చెక్క బిళ్ళ మధ్య దారంతో కడతారు. ఒక బద్దకు జిగురు రాసి, పట్టుగుడ్డ అంచు ఆనించి, బొటనవేలితో కింది నుంచి పైకి రుద్దుతూ లాగుతుంది. గుడ్డ ఎక్కడా ముడత పడకూడదు, ఎక్కడా చిరగకూడదు. మిగిలిన అంచును బ్లేడుతో ఒక్క గీతలో కోసేస్తుంది. చివరికి కుచ్చు కట్టి, గొడుగులా ముడిచి, మళ్ళీ తెరిచి చూపించింది. ముడుచుకునే లాంతరు. మూటలో పెట్టుకుని సముద్రం దాటి పోవడానికి వీలుగా ఉండే దీపం. ఈ ఊరికి తగిన వస్తువు ఇంకేముంటుంది? 2023లో చేతిపనులు, జానపద కళల విభాగంలో హొయ్ ఆన్ యునెస్కో సృజనాత్మక నగరాల్లో చేరిందంటే ఇలాంటి చేతుల వల్లే.

నదిగట్టున పెద్దామె ఒకామె కాగితపు దీపాలు అమ్ముతోంది. తామరపువ్వులా మడిచిన రంగు కాగితం, నడుమ చిన్న కొవ్వొత్తి. నేనొకటి కొన్నాక, పొడుగు కర్రకు కట్టిన తీగ కొక్కేనికి దాన్ని తగిలించి, నీళ్ళ మీద మెల్లగా దించడం చేతిసైగలతో నేర్పింది. కార్తీక మాసంలో అరటిదొన్నెల్లో దీపాలు వదిలే గోదావరి ఒడ్డు కళ్ళకు కట్టింది.

కాస్త అవతల బాయ్ చోయ్ ఆట. ప్రేక్షకులకు చెక్క ముక్క మీద అతికించిన పేకల బొమ్మలు పంచుతారు. పాటగాడు వెదురు గొట్టంలోంచి ఒక పేక తీసి, పేరు చెప్పకుండా దాని చుట్టూ పదాలు అల్లి పాడతాడు. ప్రేమ, ఎకసెక్కెం, నీతి అన్నీ అందులోనే. పాట చివర పేరు బయటపడుతుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు చిన్న జెండా. గెలిచినవాళ్ళకు బహుమతి లాంతరే. మధ్య వియత్నాం పల్లెల్లో పుట్టిన ఈ కళను 2017లో యునెస్కో గుర్తించింది. ఆకలేస్తే కావ్ లావ్. పసుపురంగు మందపు సేమ్యా, మీద పంది మాంసం, ట్రా క్వే తోటల ఆకుకూరలు. ఆ సేమ్యా పిండికి చంపా కాలం నాటిదని చెప్పే బా లె బావి నీళ్ళు, కూ లావ్ చామ్ దీవి చెట్ల బూడిద కలిస్తేనే రుచి అంటారు. చంపా నీరు, దీవి బూడిద, జపాను ఊదోన్‌ను గుర్తుచేసే ఆకారం, చైనా పద్ధతిలో వండిన మాంసం. ఊరి చరిత్ర మొత్తం ఒక గిన్నెలో.

నీటి గీతలు

ఈ అందం భద్రంగా ఉందని అనుకోవడానికి లేదు. తాన్ కీ అనే పాత ఇంటి గోడ మీద వరద గీతలు గీసి ఉన్నాయి. వాటిలో బాగా పైన ఉన్నది 1964ది. మనిషి చేతికందనంత ఎత్తు. 1999లో, 2017 నవంబరులో కూడా నీళ్ళు వీధుల్ని ముంచాయి. కొన్ని ఇళ్ళ అటకలకు నేలలో చెక్క జాలీ మూత ఉంటుంది. వాన ముదిరితే ఆ కంతలోంచి సామానంతా తాళ్ళతో పైకి లాగేస్తారు. ఒకప్పుడు ఆ కంతలోంచే గోదాముకు సరుకు ఎక్కేది. సరుకు పోయింది, కంత ఉంది, నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

రెండో వరద జనం. నది మీద పడవలు ఒకదాని ఒళ్ళు ఒకటి రాసుకుంటున్నాయి. వంతెన మీద నిలబడి ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోవడానికి చోటు లేదు. ఎన్నో ఇళ్ళు అద్దెకు పోయాయి. కింద కొట్టు, పైన తాళం. పొద్దున్నే దేవుడికి అగరు వెలిగించే ఇంటావిడ ఊరి చివరికి తరలిపోతే, లాంతరు వెలుగుతుంది కానీ ఇల్లు వెలగదు. 2025 జూలైలో క్వాంగ్ నామ్ డా నాంగ్‌లో కలిసిపోయింది, ఊరి పాలన మారింది. ఈ ఊళ్ళో కాపురాలు నిలబడాలని నేను మనసారా కోరుకుంటున్నాను. ఎందుకంటే హొయ్ ఆన్‌కు వారసత్వం అంటే పెంకులూ దూలాలూ మాత్రమే కాదు. కొత్తగా వచ్చినవాడికి ఇంట్లో చోటు ఇవ్వడం, వాడు ఉండిపోతే వాడి దేవుడికి కూడా గుడి కట్టనివ్వడం. ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ చోటు ఎవరిస్తారు?

రాత్రి పది దాటింది. కొట్లు మూస్తున్నారు. ఇక్కడి పాత కొట్లకు తలుపు రెక్కలుండవు. నిలువు చెక్క పలకల్ని ఒక్కొక్కటే మోసుకొచ్చి, పైనా కిందా ఉన్న గాడిలో జరుపుతారు. టక్, టక్ మని ఒక ఇంటి చప్పుడు ఇంకో ఇంటికి, వీధి ఆ చివరిదాకా పాకింది. లాంతర్లు ఆరుతున్నాయి. నేను నిలబడ్డ ఇంటి గుమ్మం పైన రెండు గుండ్రటి చెక్క బిళ్ళలు, చేమంతి రేకుల్లా చెక్కినవి. వాటిని తలుపు కళ్ళు అంటారు. ఇంటికి కీడు రాకుండా చూస్తాయని నమ్మకం. ఓడ ముక్కు మీద కళ్ళు గీసినట్టే ఇంటికీ కళ్ళు పెట్టుకున్నారు. చివరి పలక గాడిలో పడింది. వీధి చీకటైంది. తరతరాలుగా ఎవరొస్తారా అని చూస్తున్న ఆ రెండు కళ్ళ మీద పున్నమికి ఒక్క రోజు తక్కువైన వెన్నెల పడుతూనే ఉంది.